ఆమ్లం నుంచి నిమ్మ ఉప్పు దాకా: ముద్రాచిత్రకళలో విషరహిత మార్గం

చిత్రకళ అనగానే మన మనస్సులో మెదిలేవి కుంచె, రంగు, కాన్వాసు. ఒక సుందరచిత్రం వెనుక ఆమ్లపు తొట్టి, ద్రావణుల ఘాటు, ఊపిరితిత్తుల్లోకి చేరే సన్నని పొడి ఉండవచ్చునన్న ఊహ సామాన్యంగా కలుగదు. కాని వస్తు ప్రదర్శనశాలల్లో మనం చూసే ఎచింగులు సగం కళ, సగం రసాయనశాస్త్రం. ఆ రసాయనశాస్త్రం శతాబ్దాలపాటు కళాకారుల ఆరోగ్యాన్ని మూల్యంగా అడిగింది. ఆ మూల్యం చెల్లించకుండానే అదే సౌందర్యాన్ని సాధించడం ఎలాగన్న అన్వేషణ గత నాలుగైదు దశాబ్దాలలో, ముఖ్యంగా ఉత్తర అమెరికాలో, ఫలించింది. ఆ అన్వేషణను ఒక రసాయన పరిశోధకుని దృష్టితో పాఠకుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం. ముద్రాచిత్రకళను మలుపు తిప్పిన మహనీయులలో ఒకరు మన తెలుగువారు కావడం, ఆయన తన జీవితంలోని చివరి దశాబ్దాలు న్యూయార్క్ నగరంలో గడపడం మనకు అదనపు ఆసక్తిని కలిగించే విషయాలు.

రాగిరేకు మీద గీత పుట్టే విధం

ఎచింగ్ పద్ధతిని స్థూలంగా ఇలా వివరించవచ్చు. నునుపైన రాగిరేకుమీద గాని, జింకురేకుమీద గాని తేనెమైనం, తారు, జిగురు కలిపిన ఒక పలుచని పూత పూస్తారు. ఆ పూతమీద చిత్రకారుడు సూదితో గీస్తాడు. గీసినచోట పూత తొలగి లోహం బయటపడుతుంది. రేకును ఆమ్లంలో ముంచితే, పూత ఉన్నచోట ఆమ్లం తాకలేదు. గీత ఉన్నచోట లోహాన్ని తినివేసి సన్నని గాడి చేస్తుంది. తరువాత పూతను ద్రావణితో కడిగి, గాడులలో సిరా నింపి, పైభాగాన్ని శుభ్రంగా తుడిచి, తడి కాగితం పరచి బరువైన రోలర్ల మధ్య నొక్కుతారు. గాడులలోని సిరా కాగితానికి ఎక్కుతుంది. ఇంతే కథ.

సాదా గీతలతో పాటు నీడలవంటి ఛాయలు కావాలంటే రేకుమీద రోజిన్ అనే పైన్ చెట్ల జిగురుపొడిని దుమ్ములా చల్లి, వేడిచేసి అతికిస్తారు. ఆ రేణువుల మధ్యనున్న సందులలో ఆమ్లం తిన్నచోట వేలాది చుక్కలు ఏర్పడి, కంటికి మెత్తని నీడలా కనబడతాయి. దీనినే ఆక్వాటింట్ అంటారు.

ఇందులో పూత, ఆమ్లం, పొడి, ద్రావణి అనే నాలుగు పదార్థాలున్నవి. నాలుగింటికీ వాటి వాటి ప్రమాదాలున్నవి. వాటిని పరిశీలించే ముందు మన తెలుగు కళాకారుని కథను స్మరించుకొందాం.

నందనూరు నుంచి న్యూయార్క్ వరకు

ఎన్. కృష్ణారెడ్డిగారు 1925లో చిత్తూరు ప్రాంతంలోని నందనూరు గ్రామంలో జన్మించారు. శాంతినికేతనంలో నందలాల్ బోస్ వద్ద శిక్షణ పొంది, కొంతకాలం మద్రాసు కళాక్షేత్రలో చిత్రకళా విభాగాన్ని నడిపి, లండన్‌లోని స్లేడ్ కళాశాలలో చదివి, 1950ల ప్రారంభంలో పారిస్ చేరుకొన్నారు. అక్కడ ఆయనకు లభించిన కార్యక్షేత్రం అటెలియే 17 అనే ముద్రణశాల. దీనిని 1927లో స్థాపించిన స్టాన్లీ విలియం హేటర్ మొదట చదివింది చిత్రకళ కాదు, రసాయనశాస్త్రం, భూగర్భశాస్త్రం. లండన్ కింగ్స్ కళాశాలలో ఆ చదువు ముగించి, పర్షియాలోని అబదాన్‌లో చమురు సంస్థలో ఉద్యోగం చేసి, ఆ తరువాతనే ఆయన పారిస్ వచ్చి చిత్రకారుడైనాడు. రసాయన పట్టభద్రుని ముద్రణశాలకు శిల్పికళలో ఆరితేరిన తెలుగు యువకుడు రావడం ఒక చక్కని సంయోగమని చెప్పాలి.

ఆ రోజులలో రంగుల ముద్రాచిత్రం కావాలంటే రంగుకొక రేకు తయారు చేసి, ఒకదాని తరువాత ఒకటిగా అదే కాగితంమీద అచ్చువేయవలసి ఉండేది. వెంట్రుకవాసి తేడా వచ్చినా చిత్రం చెడేది. కృష్ణారెడ్డిగారు, బొంబాయి నుంచి వచ్చిన కైకో మోతీ, హేటర్‌లతో కలిసి, ఒకే రేకుమీద అనేక రంగులను ఏకకాలంలో నిలిపి ఒకే నొక్కుతో అచ్చుతీసే పద్ధతిని రూపొందించారు. దీనికి ఆధారం సిరాల చిక్కదనంలోని తేడా. అవిసెనూనె ఎక్కువగా కలిపిన పలుచని సిరాను గట్టి రోలరుతో ముందుగా పూస్తే అది రేకులోని ఎత్తైన భాగాలకు మాత్రమే అంటుతుంది. ఆపైన నూనె తక్కువగా ఉన్న చిక్కని సిరాను మెత్తని రోలరుతో పూస్తే, ఆ మెత్తదనంవల్ల రోలరు పల్లాలలోకి దిగి అక్కడ రంగు అంటిస్తుంది. కాని పలుచని సిరా ఉన్న మిట్టలమీద చిక్కని సిరా నిలవదు. తామరాకుమీద నీటిబొట్టువలె రెండూ పక్కపక్కనే ఉండి కూడా కలిసిపోవు. వరుస తారుమారైతే మాత్రం రంగు మీద రంగు ఎక్కుతుంది. నూనె చుక్కల లెక్కతో రంగులను శాసించడమన్నమాట!

ఈ పద్ధతికి రేకులో అనేక అంతస్తులు కావాలి. కృష్ణారెడ్డిగారు ఆమ్లాన్ని వాడకపోలేదు. అయితే శిల్పి కావడంచేత రేకును ఒక శిల్పంలా భావించి ఉలులతోను, గీకుడు పనిముట్లతోను, యంత్రసాధనాలతోను కూడా చెక్కేవారు. 1963 నాటి ‘వర్ల్‌పూల్’, 1968 నాటి ‘డెమాన్‌స్ట్రేటర్స్’, 1981 నాటి ‘గ్రేట్ క్లౌన్’ చిత్రాలు ఈ కృషికి మచ్చుతునకలు. 1972లో భారత ప్రభుత్వం ఆయనను పద్మశ్రీతో గౌరవించింది. 1970ల దశకంలో ఆయన న్యూయార్క్‌లో స్థిరపడి, న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో ముద్రాచిత్రకళా విభాగానికి నాయకత్వం వహించారు. తన పద్ధతినంతా వివరిస్తూ 1988లో ఒక గ్రంథం ప్రచురించారు. 2016 అక్టోబరు నుంచి న్యూయార్క్‌లోని మెట్రొపాలిటన్ మ్యూజియం హేటర్, కృష్ణారెడ్డి, జరీనా హష్మీల కృషిని ఒకేచోట ప్రదర్శించింది. 2018 ఆగస్టులో, 93 ఏళ్ల వయస్సులో, ఆయన న్యూయార్క్‌లో కన్నుమూశారు.

కృష్ణారెడ్డిగారిని విషరహిత ముద్రణకు ఆద్యులుగా పేర్కొనడం చారిత్రకంగా సరికాదు. ఆ పేరుతో ఉద్యమం మొదలైనది తరువాతి కాలంలో. కాని ఆయన నేర్పిన పాఠం ఒకటి ఆ ఉద్యమానికి పునాదివంటిది. పదార్థం తన స్వభావాన్ని అనుసరించి ఎలా ప్రవర్తిస్తుందో తెలుసుకొని పని చేసే కళాకారుడు, గురువు చెప్పిన రసాయనాన్ని గుడ్డిగా వాడనక్కరలేదు. తనకు తెలిసిన రహస్యాన్ని దాచుకోకుండా పదిమందికి పంచడం అటెలియే 17 సంప్రదాయం. ఈ రెండు గుణాలూ లేకపోతే తరువాతి కథ జరిగి ఉండేది కాదు.

ఆమ్లం అడిగిన మూల్యం

వృత్తివల్ల వచ్చే రోగాలపై 1700 సంవత్సరంలోనే ఇటలీ వైద్యుడు రమజ్జీని గ్రంథం వ్రాస్తూ చిత్రకారులను ప్రత్యేకంగా పేర్కొన్నాడు. సీసం, పాదరసం కలిగిన రంగులే వారి అనారోగ్యానికి మూలమని గుర్తించాడు. ముద్రాచిత్రకారునికి వీటికితోడు ఆవిరులు, పొడులు కూడా శత్రువులైనవి.

మొదటిది నత్రికామ్లం. ఇది రాగిని తినేటప్పుడు నైట్రోజన్ ఆక్సైడులు వెలువడతాయి. వాటిలో గోధుమరంగులో కనబడే నైట్రోజన్ డయాక్సైడు మహా మాయావి. అమ్మోనియావంటి వాయువులు నీటిలో తేలికగా కరుగుతాయి గనుక ముక్కును, గొంతును వెంటనే మండించి మనలను పారిపొమ్మని హెచ్చరిస్తాయి. నైట్రోజన్ డయాక్సైడు నీటిలో అంత త్వరగా కరగదు. అందుచేత పై మార్గంలో ఆగక, ఊపిరితిత్తుల అడుగున ఉన్న గాలిగదుల వరకు చేరి అక్కడ ఆమ్లంగా మారుతుంది. ఎక్కువ మోతాదులో పీల్చిన మనిషి కొద్దిపాటి దగ్గుతో ఇంటికి వెళ్లి, కొన్ని గంటల తరువాత ఊపిరితిత్తులలో నీరు చేరి ప్రాణాపాయంలో పడవచ్చు. అమెరికా వృత్తిభద్రతా సంస్థ దీనికి విధించిన గరిష్ఠ పరిమితి పది లక్షల పాళ్ల గాలిలో 5 పాళ్లు మాత్రమే. మావంటివారు ప్రయోగశాలలో గాలిని బయటికి లాగే గూడు కింద తప్ప ఈ ఆమ్లాన్ని గాఢస్థితిలో తెరవము. తరతరాల కళాకారులు మాత్రం వంటగదులలోను, నేలమాళిగలలోను దానితో పని చేశారు. బుడగలను పక్షి ఈకతో తుడుస్తూ ముఖాన్ని తొట్టిమీదికి వంచారు.

రెండవది డచ్ మార్డెంట్ అనే మిశ్రమం. హైడ్రోక్లోరికామ్లంలో పొటాషియం క్లోరేటు కలిపి దీనిని తయారు చేస్తారు. ఆ కలపడంలోనే క్లోరిన్ వాయువు పుడుతుంది. మూడవది రోజిన్ పొడి. కొందరికి ఇది ఉబ్బసాన్ని తెచ్చిపెడుతుంది; మూసిన పెట్టెలో గాలిలోకి లేచిన ఈ పొడి ఒక్క నిప్పురవ్వకు పేలిపోగలదు కూడా. నాలుగవది ద్రావణుల గుంపు: టర్పెంటైన్, కిరసనాయిలు, ఒకప్పుడు బెంజీన్. బెంజీన్ రక్తక్యాన్సరుకు కారణమని నిర్ధారితమైన పదార్థం. కొన్ని జిగురులలో వాడిన హెక్సేన్ మరొక ఉదాహరణ. మన కాలేయం దానిని బయటికి పంపే ప్రయత్నంలో మరొక పదార్థంగా మారుస్తుంది. ఆ మారిన పదార్థమే చేతులకు, కాళ్లకు వెళ్లే నరాలను దెబ్బతీస్తుంది. శరీరం చేసే శుద్ధికార్యమే శరీరానికి శత్రువు కావడమన్నమాట.

1979లో మైకేల్ మెకాన్ అనే ఆరోగ్యనిపుణుడు కళాకారులను హెచ్చరిస్తూ ‘ఆర్టిస్ట్ బివేర్’ అనే గ్రంథాన్ని వెలువరించాడు. కర్మాగారపు కార్మికునికి ఎనిమిది గంటల పని, తనిఖీ అధికారి ఉంటారు. స్వంత ఇంట్లో పని చేసే కళాకారునికి తనిఖీ లేదు, వేళాపాళా లేదు. పైగా పక్కనే పిల్లలు ఆడుకొంటూ ఉంటారు. సమస్యలోని తీవ్రత ఇక్కడే ఉంది.

మార్గాంతరాన్వేషకులు

హెచ్చరిక ఒక్కటే చాలదు. నత్రికామ్లం వద్దన్నవాడు దాని బదులు ఏది వాడాలో చెప్పాలి. ఆ బాధ్యతను స్వీకరించినవారిలో ముఖ్యుడు కీత్ హొవర్డ్. కెనడాలోని అల్బర్టా రాష్ట్రంలో గ్రాండ్ ప్రెయిరీ పట్టణంలో బోధిస్తూ ఆయన ఈ మార్గంలో అడుగుపెట్టాడు. 1991లో ఛాయాచిత్రాల సురక్షిత ఎచింగ్‌పైన, 1998లో విషరహిత ముద్రణపైన గ్రంథాలు వ్రాశాడు. తరువాత న్యూయార్క్ రాష్ట్రంలోని రాచెస్టర్ సాంకేతిక సంస్థలో బోధించి, 2003లో మరొక బృహద్గ్రంథం వెలువరించాడు.

హొవర్డ్ చేసిన పనిలోని చమత్కారం మన ఇంజనీరు మిత్రులకు వెంటనే బోధపడుతుంది. ఎలక్ట్రానిక్స్ సర్క్యూటు బోర్డులు ఎలా తయారవుతాయి? రాగి పొరమీద కాంతికి గట్టిపడే ప్లాస్టిక్ పొరను అంటించి, అతినీలలోహిత కాంతి ప్రసరింపజేసి, గట్టిపడని భాగాన్ని పలుచని సోడా నీటితో కడిగి, బయటపడిన రాగిని ఫెర్రిక్ క్లోరైడులో కరిగిస్తారు. కళాశాల రోజులలో ఈ పని స్వయంగా చేసినవారు మనలో ఎందరో ఉంటారు. డ్యూపాంట్ సంస్థ తయారు చేసిన అటువంటి పొరనే హొవర్డ్ కళాకారుల చేతికి అందించాడు. తారుపూతకు బదులు నేలకు మెరుగుపెట్టే అక్రిలిక్ ద్రవాన్ని పూతగా వాడవచ్చునని చూపాడు. పని ముగిశాక దానిని తొలగించడానికి టర్పెంటైన్ అక్కరలేదు. బట్టల సోడా కలిపిన నీరు చాలు. రోజిన్ పొడికి బదులు అక్రిలిక్ తుంపర వచ్చింది.

ఇంతకు ముందే, 1970ల దశకంలో, న్యూయార్క్ లాంగ్ ఐలాండ్‌కు చెందిన డాన్ వెల్డెన్ మరింత సరళమైన మార్గం పట్టాడు. కాంతికి గట్టిపడే పొర అంటించిన ఉక్కురేకును చిత్రంతో కప్పి ఎండలో పెట్టి, ఆపైన కుళాయి నీటితో కడగడమే ఆయన పద్ధతి. దానికి సోలార్‌ప్లేట్ అని పేరు పెట్టాడు. ఇందులో ఆమ్లం పాత్ర ఏమీ లేదు; సూర్యభగవానుడు, నీరు మాత్రమే సహాయకులు.

కెనడా సస్కాచ్వాన్ విశ్వవిద్యాలయానికి చెందిన నిక్ సెమెనాఫ్ 1990లలో జింకు, అల్యూమినియం రేకులకు మైలుతుత్తం, ఉప్పు కలిసిన ద్రావణాన్ని ప్రతిపాదించాడు. తోటలకు బోర్డో మిశ్రమం చల్లిన రైతు కుటుంబాల వారికి మైలుతుత్తం చిరపరిచితమే. జింకు తన ఎలక్ట్రానులను రాగి అయానులకు ఇచ్చి తాను కరిగిపోతుంది; రాగి ఎర్రని మడ్డిగా వేరుపడుతుంది. ఇంటర్మీడియట్ తరగతిలో ఇనుప మేకును మైలుతుత్తపు నీటిలో ముంచి చూసిన ప్రయోగమే ఇది! సెడ్రిక్ గ్రీన్ అనే మరొక కళాకారుడు అల్ప వోల్టేజి విద్యుత్తుతో రేకును చెక్కే పద్ధతిని పునరుద్ధరించాడు. అది 1840లో ఇంగ్లండులోనే పేటెంటు పొంది, ఆనక మరుగునపడిన విద్య.

నిమ్మ ఉప్పు చేసిన మహిమ

ఈ ప్రయోగాలన్నింటిలో రసాయనజ్ఞుడుగా నన్ను అమితంగా ఆకర్షించినది ఎడిన్‌బరో ఎచ్. రాగిని తినడానికి నత్రికామ్లానికి బదులు ఫెర్రిక్ క్లోరైడు వాడవచ్చునని పూర్వం నుంచీ తెలుసు. ఇందులో మూడు ఎలక్ట్రానులు తక్కువైన ఇనుము రాగి నుంచి ఒక ఎలక్ట్రాను లాక్కుని, రాగిని కరిగిస్తుంది. నత్రికామ్లంవలె విషవాయువు పుట్టదు. అయినా చాలామంది కళాకారులకు ఇది నచ్చలేదు. కారణం, చర్య జరిగేకొద్దీ గాడులలో ఇనుపతుప్పువంటి మడ్డి పేరుకొని గీతను మూసివేసేది. ఆ మడ్డి జారిపోవడానికి రేకును బోర్లించి వేలాడదీయవలసి వచ్చేది. గీత ఎంత లోతైనదో కనబడేది కాదు.

1990లలో స్కాట్లండులోని ఎడిన్‌బరో ప్రింట్‌మేకర్స్ ముద్రణశాలలో ఫ్రీడ్‌హార్డ్ కీకెబెన్ అనే కళాకారుడు ఈ చిక్కును విప్పాడు. ఆయన తరువాత షికాగోలోని కొలంబియా కళాశాలలో బోధించాడు. ఆయన వాడిన మందు మన వంటింటి నిమ్మ ఉప్పు, అనగా సిట్రికామ్లం. మూడు పాళ్ల నీటిలో ఒక పాలు నిమ్మ ఉప్పు కరిగించి, ఆ ద్రావణాన్ని ఒక పాలు తీసుకొని నాలుగు పాళ్ల సంతృప్త ఫెర్రిక్ క్లోరైడు ద్రావణంలో కలుపుతారు. సిట్రికామ్లపు అణువు ఎండ్రకాయ డెక్కలతో పట్టినట్లు ఇనుప అయానును పట్టుకొని మడ్డిగా పేరుకోనివ్వదు. దానితో రేకును బోర్లించనక్కరలేదు. చర్య వేగం పెరుగుతుంది. గీతల అంచులు పదునుగా వస్తాయి. ఆరోగ్యం కోసం నాణ్యతను వదులుకోవాలన్న అపోహను ఇది పటాపంచలు చేసింది.

‘విషరహితం’ అనే మాటకు హద్దులు

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. విషరహితమన్నది సాపేక్షమైన మాట. ఏ పదార్థమైనా మోతాదునుబట్టే విషమవుతుందని 16వ శతాబ్దంలోనే పారాసెల్సస్ చెప్పాడు. ఫెర్రిక్ క్లోరైడు వాయువును వెలువరించదు గాని కంట్లో పడితే తీవ్రహాని చేస్తుంది. వాడిన ద్రావణంలో కరిగి ఉన్న రాగి చేపలకు, ఇతర జలచరాలకు ప్రాణాంతకం. దానిని తొట్టిలో పారబోయడం తగదు. సోడాతో మడ్డిగా విరిచి, స్థానిక నియమాల ప్రకారం అప్పగించాలి. అక్రిలిక్ తుంపరనైనా ముఖానికి తగిన మాస్కు లేకుండా పీల్చకూడదు. కాంతికి గట్టిపడే పొరలు చర్మానికి పడనివారూ ఉంటారు. కనుక సురక్షితమనే బదులు ‘పూర్వంకంటే ఎంతో సురక్షితం’ అనడం న్యాయం.

అలాగే ప్రకృతిసిద్ధమైనదంతా నిరపాయమని భావించడం కూడా పొరపాటే. కాళహస్తి కలంకారీలో నల్లరంగు బెల్లం, తుప్పుపట్టిన ఇనుము కలిపి పులియబెట్టిన కసిం నుంచి వస్తుంది. గుడ్డకు పట్టించిన కరక్కాయలోని టానిన్లతో ఇనుము కలిసి నలుపు పుడుతుంది. అది నిజంగా ఆదర్శప్రాయమైన రసాయనశాస్త్రం. కాని హింగుళంలోని పాదరసం, కొన్ని సింధూరాలలోని సీసం కూడా గనుల నుంచి వచ్చినవే. టర్పెంటైన్ చెట్టు నుంచి వచ్చినదే. పదార్థం ఎక్కడ పుట్టిందన్నది కాదు, శరీరంలో ఏమి చేస్తుందన్నదే ప్రశ్న.

మన ఇంట, మన పిల్లల చేతుల్లో

మన పిల్లలు బడిలోను, వేసవి శిబిరాలలోను చిత్రలేఖనం నేర్చుకొంటున్నారు. వారికి కొనే రంగుల డబ్బామీది అక్షరాలను తల్లిదండ్రులు శ్రద్ధగా చదవాలి. 1988లో అమెరికా కాంగ్రెసు చేసిన చట్టం ప్రకారం కళాసామగ్రిలో దీర్ఘకాలిక ప్రమాదాలున్నవేమో విషశాస్త్ర నిపుణుడు పరిశీలించి, ఉంటే ఆ సంగతి డబ్బామీద ముద్రించాలి. ‘ఏ.ఎస్.టి.ఎం. డి-4236’ అన్న గుర్తుకు అర్థం ఇదే. చాలామంది ఈ గుర్తు కనబడగానే ఆ వస్తువు నిరపాయమనుకొంటారు. అది సరికాదు, ఆ గుర్తు పరీక్ష జరిగిందని, తగిన హెచ్చరికలు ముద్రించారని మాత్రమే చెబుతుంది. వెనుకవైపు హెచ్చరిక ఉంటే చదవాలి. కళాసామగ్రి సంస్థ ఇచ్చే ‘ఏ.పి.’ ముద్ర ఉన్నవి విషరహితమైనవిగా నిర్ణయించబడ్డవి, ‘సి.ఎల్.’ ముద్ర ఉన్నవి జాగ్రత్త హెచ్చరిక గలవి. ఆరవ తరగతి వరకు పిల్లలకు రెండవ రకం వస్తువులు ఇవ్వరాదు.

ఇంట్లో ముద్రాచిత్రం చేయించాలనుకొంటే ఆమ్లంతోగాని లోహంతోగాని పనిలేదు. కొత్త నురుగు పళ్లెం అడుగుభాగాన్ని చదరంగా కత్తిరించి, మొద్దు పెన్సిలుతో అమ్మమ్మ నేర్పిన చుక్కల ముగ్గునో, మామిడిపిందెనో గట్టిగా నొక్కి గీయమనండి. ‘ఏ.పి.’ ముద్ర గల నీటిసిరాను చిన్న రోలరుతో పైన పూసి, కాగితం పరచి, చెంచా వెనుక భాగంతో రుద్దితే రంగుమధ్య తెల్లని ముగ్గు ప్రత్యక్షమవుతుంది. ఎడమది కుడికి ఎందుకు మారిందని పిల్లలు తప్పక అడుగుతారు. పేరును తెలుగు అక్షరాలలో తిరగేసి వ్రాయమంటే తెలుగు పాఠం, జ్యామితి పాఠం ఒకేసారి పూర్తవుతాయి. ఎవరికైనా నేలమాళిగలో నిజమైన ఎచింగ్ చేసే అభిరుచి ఉంటే, ఆ గదిని వంటగదికి, పిల్లల గదికి దూరంగా ఉంచి, గాలి బయటికి పోయే ఏర్పాటు చేసుకోవాలి. అక్కడ తినకూడదు, తాగకూడదు. సిరా మరకలను కిరసనాయిలుతో కాక వంటనూనెతో తుడిచి, ఆపైన సబ్బుతో కడుక్కోవాలి.

ఒక కళాఖండం విలువను లెక్కించేటప్పుడు దానిని సృష్టించినవాని ఊపిరిని కూడా ఆ లెక్కలో చేర్చాలి. హొవర్డ్, వెల్డెన్, సెమెనాఫ్, కీకెబెన్‌ల మూలసూత్రాలు కొత్తవి కావు; అవి కళాశాల రసాయనశాస్త్ర పాఠ్యపుస్తకంలో ఉన్నవే. కళాకారుని అవసరాన్ని గుర్తించి ఆ పుటను తెరిచి చూడడం వారు చేసిన ఘనకార్యం. మన సంఘంలో రసాయనజ్ఞులకు, ఇంజనీర్లకు, వైద్యులకు కొదువ లేదు. కుంచె పట్టే యువతీయువకులు కూడా పెరుగుతున్నారు. ఈ ఇద్దరూ ఒకరి బల్ల దగ్గరికి ఒకరు వెళ్లి, నీవు వాడుతున్నదేమిటి, దాని బదులు మరేది వాడవచ్చునని మాట్లాడుకొంటే, నందనూరు శిల్పి, రసాయనశాస్త్రం చదివిన హేటర్ పారిస్‌లో ఒకే రేకుమీద వంగి చేసిన పని మన ఇళ్లలోనూ కొనసాగుతుంది.